అప్పగింతల పాట మీద గీత

మా ఆయన మస్తానయ్యది కారంపూడిలో మైకుసెట్టు. పెళ్ళయినా, తిరునాళ్ళయినా ఆయన హారన్లు కట్టి రికార్డు వేస్తేనే ఊళ్ళో సందడి. టేపు రికార్డర్లు వచ్చాక ఆ వైభవం కాస్తా పోయింది. హారన్లు అటకెక్కాయి. రికార్డులు మాత్రం ట్రంకుపెట్టెతో సహా నడింట్లోకి వచ్చి కూర్చున్నాయి.

పాటలంటే నాకు మొదటినుంచీ మంట. అన్నం వేళకు ఇంటికి రాకుండా పరాయివాళ్ళ పెళ్ళిళ్ళలో పాటలేసే మొగుడు ఎవరికి నచ్చుతాడు? గొంతెత్తి తిట్టేదాన్ని. "నీ ముందు నా హారన్లు దండగ. కాస్త మెల్లగా మాట్లాడవే తల్లీ" అనేవాడు. ఆ మాట వినని రోజు లేదు.

పని తగ్గాక, మధ్యాహ్నం భోజనం చేసి ఒక్కో రికార్డూ తీసి, తుడిచి, వినడం మొదలుపెట్టాడు. అరిగినవి ఏరి నాకిచ్చేవాడు. అప్పట్లో ఆడవాళ్ళం అరిగిన రికార్డును వేడినీళ్ళలో ముంచి, మెత్తబడగానే బోర్లించిన చెంబు మీద వేసి, అంచులు నొక్కి పూలగిన్నెలు చేసేవాళ్ళం. మొదట ఇచ్చినవి నిజంగానే గరగరలాడేవి. వాటితో నేనూ చేశాను.

ఒకరోజు "దీని గొంతు పోయిందే" అని ఒకటి ఇచ్చాడు. ఆ పాట వంటింట్లో ఉన్న నాకు మాట పొల్లుపోకుండా వినిపించింది. అనుమానమొచ్చి, మా వీధి చివర రేడియోలు బాగుచేసే ఇస్మాయిల్‌ను పిలిపించాను. ఈయన పెరట్లో ఉన్నప్పుడు అతను రికార్డు మిషనంతా విప్పి చూశాడు.

"ముల్లు కొత్తదే అక్కా. మిషన్లో ఏం లోపం లేదు" అని, పెరడు వైపు చూసి గొంతు తగ్గించాడు. "బావ ఇన్నేళ్ళూ హారన్ల కిందే కూచున్నాడు గదా."

ఎంతటివాళ్ళనైనా మొహమ్మీద అడిగేసేదాన్ని, ఈ ఒక్క మాట ఆయనతో అనలేకపోయాను. పాటలే లోకంగా బతికిన మనిషికి చెవులు పోతున్నాయని ఏ నోటితో చెప్పను? ఆయన ఇచ్చినవన్నీ బియ్యం డబ్బా వెనక దాచాను. గిన్నెలేవని అడిగితే కట్టెలు తడిశాయని ఒకసారి, చెంబు సొట్టపోయిందని ఒకసారి చెప్పాను. ట్రంకుపెట్టె సగానికి పైగా ఖాళీ అయింది.

చివరికి మా పెళ్ళినాటి రికార్డు బయటికి తీశాడు.

మా పెళ్ళికి మైకుసెట్టు మాదే. పెళ్ళికొడుకు పీటల మీద ఉన్నాడు కాబట్టి ఆయన జతగాడు కృపాదానం పాటలు వేశాడు. తలంబ్రాలప్పుడు ఆ మహానుభావుడు అప్పగింతల పాట పెట్టాడు. ఈయనకు ఒళ్ళు మండి, బాసికంతో సహా లేచి పరుగెత్తాడు. అప్పటికే కొంగుముడి వేశారు, కాబట్టి వెనకాలే నేనూ! ఆత్రంగా ముల్లు లాగితే రికార్డు మీద గీత పడింది. జనం పడీపడీ నవ్వారు. మా అమ్మ నెత్తి కొట్టుకుంది. అప్పటినుంచీ ఆ గీత దగ్గర ముల్లు ఇరుక్కుంటుంది. ముల్లు మీద పావలా బిళ్ళ పెడితేనే ఆ బరువుకు దాటుతుంది.

ఆ రోజు బిళ్ళ పెట్టడం మరిచి, పాట పెట్టి, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. పక్కింటి హనుమాయమ్మ కూతురు బాలింత, నిద్రపోతోందంటే నేనే వచ్చి శబ్దం బాగా తగ్గించి వంటింట్లోకి వెళ్ళాను. కాసేపటికి "అమ్మా... అమ్మా... అమ్మా..." అని ఒకే మాట దగ్గర పాట ఆగిపోయింది. ఆయనే లేచి కదుపుతాడనుకున్నాను. కదపలేదు.

వచ్చి చూస్తే, తొడ మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. అది చరణం దాటింది, సన్నాయి దగ్గర నెమ్మదించింది, మళ్ళీ పల్లవిలోకి వచ్చింది. మిషన్ మాత్రం "అమ్మా" దగ్గరే ఉంది. నాకు దుఃఖం ఆగలేదు.

తాళం ముగించి కళ్ళు తెరిచాడు. "ఇది మాత్రం అరగలా. చానా బాగుందే" అన్నాడు. అప్పుడు చూశాడు, ముల్లు సగంలోనే కొట్టుకుంటోంది. నావైపు చూశాడు. నేను కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నాను. ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది.

ముల్లు ఎత్తి పక్కన పెట్టి, "నేనిచ్చినయ్యన్నీ గిన్నెలు చేశావా?" అని అడిగాడు.

తల అడ్డంగా ఊపి, దాచినవన్నీ తెచ్చి ముందు పెట్టాను. ఒక్కోదాన్నీ అరచేత్తో నిమిరాడు.

"ఏందే, ముందే చెప్పొద్దా? ఒట్టి ఎర్రిదానివి" అని, ఒకటి తీసి మిషన్ మీద పెట్టాడు. "రా, కూకో. పాట ఏడదాకా వచ్చిందో చెప్తా ఉండు. మిగతాది నేను చూసుకుంటా."

పక్కన కూర్చున్నాను. పల్లవి అయింది, సన్నాయి మొదలైంది. "సన్నాయి" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా. ఆయన నావైపు వంగి, చెవి నా నోటికి దగ్గరగా పెట్టాడు.

"గట్టిగా మాట్లాడవే తల్లీ" అన్నాడు.