చొక్కా చేతికి కుట్టిన పర్సు

పాక్ ముజిరిన్ ముప్పై ఒక్క ఏళ్లపాటు యోగ్యకర్త శివార్లలోని ఒక రైలు గేటు దించుతూ, ఎత్తుతూ గడిపాడు. ఆ తర్వాత దానంతటదే లేచి పడే గేటు వచ్చింది. ఆయన మా ఊరు మాండింగ్‌లోని ఇంటికొచ్చేశాడు. మొదటి నెల రోజులు ఇంటి అరుగు మీద కూర్చుని, ఎదురుగా ఏది పోతున్నా లేచి చెయ్యి అడ్డం పెట్టేవాడు. బాతుల మందను ఆపాడు. సోతో పులుసు అమ్మే బండివాణ్ణి ఆపాడు. ఒకరోజు నన్నే ఆపాడు. నేను మా వీధి సంఘం కార్యదర్శిని. ఊరందరికీ సమావేశం చీటీలు పంచే పని మీద పోతుంటే, "ఉండు, ఇంకా దాటలేదు" అన్నాడు. ఏది దాటలేదో అడిగే ధైర్యం లేక నాలుగు నిమిషాలు నిలబడ్డాను.

ఆయన భార్య బు రుస్మినికి విసుగొచ్చింది. (మా వైపు పెద్ద మగవాళ్లను పాక్ అని, ఆడవాళ్లను బు అని పిలుస్తాం.) "ఈ మాండింగ్‌లో పసిపిల్లాడిక్కూడా తోలుపని వచ్చు. మీరూ ఏదో ఒకటి నేర్చుకోండి. లేకపోతే మిమ్మల్ని నేనే ఎక్కడికైనా పంపించేస్తాను" అంది.

తోలు వీధి చివర బు కసినెమ్ కొట్టుంది. డెబ్బై దాటిన మనిషి. పనిముట్లు అమ్ముతుంది. లోపల మూడు కుట్టుమిషన్లు గుడ్డ కప్పి ఉంచుతుంది గాని, తగినవాడని తనకు తోచని మనిషికి వాటి గుడ్డయినా తీసి చూపించదు. పాక్ ముజిరిన్ వెళ్లి, తాను తోలుపని మొదలుపెడుతున్నానని, అన్నిటికన్నా గట్టి మిషను కావాలని అడిగాడు.

ఆవిడ బల్ల మీద తోలుకు చిల్లు పొడిచే ఆరె, తోలు కోసే రంపె, మొన మొండిగా ఉన్న రెండు సూదులు, దారపు ఉండ, మైనం ముద్ద పెట్టింది.

"ఇవీ నీకు కావల్సినవి."

"మిషను అడిగాను, బు."

"విన్నాను నాయనా. నువ్వు గేటు దగ్గర పనిచేశావు కదా. నీ మాటకు రైలు ఎప్పుడన్నా ఆగిందా?"

"రైలు ఎందుకాగుతుంది? రోడ్డు మీదివాళ్లే ఆగేవాళ్లు."

"అంటే బరువున్నదాన్ని నువ్వు ఒక్కసారీ ఆపలేదన్నమాట. పరిగెత్తే మిషను ఎవడైనా అమ్ముతాడు. కొత్తవాడు కొనుక్కోవాల్సింది ఆగే మిషను. దాన్ని ఆపే కాలు నీకు ఇంకా రాలేదు. ఆరు నెలలు చేత్తో కుట్టు, తర్వాత రా."

ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగాన్ని రెండు ముక్కల్లో తీసిపారేసినందుకు ఆయన మనసు చివుక్కుమంది. సూదులు అక్కడే వదిలేసి వచ్చేశాడు.

శనివారం పాత సామాన్ల సంతలో ఆయనకు ఆకుపచ్చ మిషను ఒకటి దొరికింది. లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టినదట. ఏనుగు చెవినైనా కుడుతుందని అమ్మినవాడు ఒట్టేశాడు. మా ఊళ్లో ఏనుగు చెవులు కుట్టించుకునేవాళ్లెవరూ లేరు. అయినా ఆ మాట ఆయనకు నచ్చింది. నలుగురం మోసుకొచ్చాం. గుమ్మంలో పట్టలేదు. కిటికీ చట్రం ఊడదీసి లోపలికి దించాం. దాని కింద ఉన్నది పాతకాలం మోటారు. మీట వెయ్యగానే గుయ్యిమని ఊరికే తిరుగుతుంటుంది. పెడల్ మీద కాలు తగిలిందా, ఇక దానికి నెమ్మదిగా పోవడమంటే తెలియదు.

శుభారంభం కదా అని బు రుస్మిని పసుపన్నం వండి వీధివాళ్లను పిలిచింది. పాక్ ముజిరిన్ స్నానం చేసి, తన పాత రైల్వే చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. పర్సుకని కోసిన రెండు తోలు ముక్కల్ని సూది కింద పెట్టాడు. పెద్దాయన ఒకరు ప్రార్థన చదువుతున్నాడు. చివర మేం ఆమీన్ అనబోతుండగా ముజిరిన్ కాలు పెడల్‌కు తగిలింది.

డర్ర్ర్ మన్నది. మా నోట్లో ఆమీన్ సగంలో ఉండగానే అంతా అయిపోయింది.

పర్సు మూడు వైపులా కుట్టుకుంది. నాలుగో వైపు ఆయన ఎడమ చేతి చొక్కా అంచుకు కుట్టుకుంది. బు రుస్మిని కత్తెర తెచ్చింది.

"చెయ్యి ఇటివ్వండి."

"ముట్టుకోకు!" అన్నాడాయన.

"అంటే? అది అలాగే వేలాడదీసుకుని తిరుగుతారా?"

"ఆ కుట్టు చూడవే. ఒక్కటైనా వంకరుందా? పట్టాల్లా ఉంది." ఆయన చేతిని వెనక్కి లాక్కున్నాడు. "ముప్పై ఒక్క ఏళ్లు దించానా, ఎత్తానా. సాయంత్రానికి చూపించుకోడానికి ఏమైనా మిగిలిందా? ఇదొక్కటి మిగిలింది. దీన్ని కత్తిరిస్తావా?"

నేను వంగి చూశాను. నిజంగానే అంత తీరైన కుట్టు నేను మా వీధిలో చూడలేదు. ఆ మాటే అన్నాను. అందుకు బు రుస్మిని నాతో నెల రోజులు మాట్లాడలేదు.

మర్నాటి నుంచి ఆయన ఎక్కడికెళ్లినా ఆ చొక్కాతోనే. సంఘం సమావేశంలో ఓటుకు చెయ్యెత్తితే పర్సు నా చెవికి తగిలేది. ఒక పెళ్లిలో వేదికెక్కి వధూవరుల, వియ్యాలవారి చేతుల్ని రెండు చేతులా పట్టుకుంటూ పోతుంటే ఒక్కొక్కరి ముంజేతి మీద అది ఠప్పుమని కొడుతూ పోయింది. పెళ్లికూతురి మేనమామ పాక్ విర్యాది జేబును అంతకు వారం ముందే బస్సులో ఎవడో కొట్టేశాడు. ఆయన ముజిరిన్ చేతిని వదలకుండా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అబ్బ, ఏం బుర్రయ్యా నీది! దీన్ని దొంగ ఎలా కొట్టేస్తాడు? మనిషిని మొత్తంగా ఎత్తుకుపోవాల్సిందే. నాకొకటి కుట్టిపెట్టు."

వెనకాల నిలబడ్డవాళ్లు విన్నారు. పెళ్లిభోజనం ముగిసేలోపు తొమ్మిదిమంది తమకూ కావాలని చెప్పారు. వారం తిరిగేసరికి ముజిరిన్ ఇంట్లో తీగల మీద ఇరవై ఏడు చొక్కాలు వేలాడుతున్నాయి. పొరపాటున జరిగిందని చెప్పబోయాడు గాని, పొగడ్త రుచి చూసిన నోరు అంత తేలిగ్గా నిజం చెప్పదు.

చిక్కు అప్పుడు మొదలైంది. ముజిరిన్, పాక్ విర్యాది ఇచ్చిన చొక్కా అంచును సూది కింద పెట్టి కాలేశాడు. పర్సు కుట్టుకుంది, చొక్కా విడిగా ఉండిపోయింది. ఇంకా లోపలికి తోసి చూశాడు. కళ్లు మూసుకుని చూశాడు. నన్ను పిలిపించి, మొదటిరోజులాగే పక్కన నిలబడి ఆమీన్ అనమన్నాడు. పద్నాలుగుసార్లు అన్నాను. మిషను ప్రతిసారీ సరిగ్గా తోలు అంచు దగ్గర మర్యాదగా ఆగింది. బల్ల మీద మంచి పర్సులు గుట్టగా పోగుపడ్డాయి.

"సిగ్గుండాలి," అంది బు రుస్మిని టెంపె సోయా ముక్కలు వేయిస్తూ. "ఇన్ని మంచి పర్సులు కుట్టి ఏడుస్తున్న మగాణ్ణి మిమ్మల్నే చూశాను."

ఆ పర్సులే ఇచ్చి పంపుదామనుకున్నాడు. పాక్ విర్యాది తన పర్సును వెలుతురులో పెట్టి చూశాడు.

"బాగానే ఉంది. కానీ విడిగా ఉంది."

"విడిగా అయితే జేబులో పెట్టుకోవచ్చు కదా, పాక్."

"జేబులో పెట్టుకునే పర్సు మా ఇంట్లో లేదనుకున్నావా? ఇంత మోసమా! పెళ్లిలో ఒకటి చూపిస్తావు, ఇంటికొస్తే ఇంకొకటి ఇస్తావు."

ఆ సాయంత్రం ముజిరిన్ ఇరవై ఏడు చొక్కాలనూ మూటగట్టుకుని బు కసినెమ్ కొట్టుకు వెళ్లాడు. మూట ఒక వైపు నేను పట్టుకున్నాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఆయన ఎడమ చేతి దగ్గరున్న కుట్టును చాలాసేపు చూసింది.

"అద్భుతంగా ఉంది. ఎవరు కుట్టారు?"

ఆయన తలదించుకున్నాడు. "మిషను."

"మరి నువ్వేం చేశావు?"

"నేను... అక్కడున్నాను."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లోపలికెళ్లి ఆ ఆరె, ఆ రెండు సూదులు తెచ్చి ముందు పెట్టింది. "మిషనుకు మంచి చెడ్డ తెలియదు నాయనా, ఆ రోజు అటు పోయింది, ఇవాళ ఇటు పోతోంది. చేసిన పొరపాటునే మళ్లీ కావాలని చెయ్యాలంటే చెయ్యి తిరగాలి. కూర్చో."

పదకొండు రోజులు కూర్చున్నాడు. ముందు ఆరెతో చిల్లు, తర్వాత ఒక సూది అటునుంచి, ఇంకొకటి ఇటునుంచి, రెండు చేతులా లాగి బిగించడం. మొదటిరోజు వేళ్లకు పొడుచుకున్న చోట్లు లెక్కపెట్టలేకపోయాడు. మూడోరోజుకి దారానికి మైనం ఎంత పట్టించాలో తెలిసింది. మొదటి చొక్కాలకు ఎక్కువ కుట్లు ఆవిడే వేసింది. పదో చొక్కా దగ్గర ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని చూస్తూ కూర్చుంది. ఇరవై ఏడోదాన్ని ఆయనొక్కడే కుట్టాడు. కుట్టు మెలికలు తిరిగింది గాని, నేను రెండు చేతులా పట్టి లాగినా ఊడలేదు.

పాక్ విర్యాది తన చొక్కా తొడుక్కుని వీధంతా తిరిగాడు. ఊరు సంబరపడింది. ఆ సంబరం సరిగ్గా చొక్కాలు ఉతికేదాకా ఉంది. తోలు నీళ్లలో నాని, ఎండకు అప్పడంలా బిగుసుకుపోయింది. చొక్కా చేతులు ముడుచుకుపోయాయి. ఇరవై ఏడుగురి భార్యలూ ఒకే రోజు ముజిరిన్ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. బు రుస్మిని వాళ్లందరికీ తియ్యటి టీ పోసి, తన కథ కూడా చెప్పుకుంది.

పాక్ ముజిరిన్ అరుగు మీద కూర్చుని ఆరె మొనతో ఒక్కో కుట్టు విప్పాడు. గుడ్డ చిరగకుండా, తోలు కోసుకుపోకుండా. ఇరవై ఏడూ విప్పేసరికి విప్పడంలో ఆయన చెయ్యి తిరిగిపోయింది. మాండింగ్‌లో ఇప్పుడు ఎవరి కుట్టు దారి తప్పినా, ఎవరి చెప్పు పట్టీ ఊడినా ఆయన దగ్గరికే వస్తారు. విప్పి, మళ్లీ చేత్తో కుట్టి ఇస్తాడు. మొన్న బు కసినెమ్ కొట్టుకు వెళితే, అడగకుండానే ఒక మిషను మీది గుడ్డ తీసి చూపించిందట. "చూశాను, మళ్లీ కప్పెయ్యండి బు, చేతిపనే బాగుంది" అన్నాడట.

ఆకుపచ్చ మిషను మీద బు రుస్మిని బియ్యం మిల్లుకు గోనెసంచులు కుడుతోంది. ఆవిడ ఎక్కడ ఆపాలంటే అది అక్కడ ఆగుతుంది. ఎలాగని అడిగితే, "తొక్కేముందు ఒకసారి తిడతాను" అంది. నాతో మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టింది కదా అని అంతకుమించి అడగలేదు. గోనెసంచి అందుకుని మడత పెట్టాను.