ఒడ్డున విడిచిన చెప్పులు

ఒంటరిగా సముద్రానికి పోయిన కొడుకు ప్రాణాలతో తిరిగొచ్చాడని శకుంతలమ్మ ఊపిరి పీల్చుకున్నది ఒక్క పూటే. తిరుపతి బజారులో బోర్డులు రాసే ఆ కొడుకు, బాలసుబ్రమణ్యం, తూపిలిపాళెం సముద్రం దగ్గర కూర్చుని ఒక బొమ్మ వేసుకొచ్చాడు. చేటంత అట్ట, నూనె రంగులు. ఇంకా ఆరలేదని మర్నాడు కిటికీలో నిలబెట్టాడు.

శకుంతలమ్మ తొంగి చూసింది. అల లేని సముద్రం. ఖాళీ ఇసుక. ఇసుక మీద ఒక జత తోలు చెప్పులు, ఎడమదాని తెగిన పట్టీకి పిన్నీసు. ఆ పిన్నీసు తన గాజు నుంచి తీసి ఆమే పెట్టింది.

“ఇవి నీ చెప్పులే గదరా! మనిషి యాడ?”

“లేడుమా. అదే దాంట్లో అందం.”

“లేడంటే? యాడికి పోయినాడు?”

“నీళ్ళల్లోకి పోయుంటాడు,” అన్నాడు వాడు, కుంచె తుడుచుకుంటూ. “ఇది ఊరికే చేసి చూసుకునేదిమా. అసలుది వచ్చే వారం.”

ఆమె చూపు గడప దగ్గరి చెప్పుల మీద పడింది. రేణిగుంట సంబంధం తప్పిపోయినప్పటి నుంచీ వీడు ముద్ద తక్కువే తింటున్నాడు!

చెప్పులే లేకపోతే ఒడ్డున ఏం విడుస్తాడు? పైగా గుడి దగ్గర చెప్పులు పోతే పట్టిన శని కూడా పోతుందంటారు. వాడు నీళ్ళు పోసుకునే లోపల వాటిని కొంగు చాటున పట్టుకుపోయి, గోవిందరాజస్వామి గుడి ముందర విడిచి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

సాయంత్రం బాలసుబ్రమణ్యం వాళ్ళ నాయన పాత బూట్లలో టకటకమంటూ వచ్చాడు.

“నా చెప్పులు యాడమా? లాడ్జి ఓనరుకు అట్ట చూపించినాను. గోడంత బొమ్మ వెయ్యమన్నాడు. ఆ చెప్పులే బాగుండాయంట. ముందర పెట్టుకోని వెయ్యాల.”

“అసలుదంటే బొమ్మనా?”

“మరేమనుకుంటివి?”

ఆమె గుడి దిక్కు పరుగు తీసింది. వెనకాలే బూట్ల చప్పుడు.

చెప్పులు విడిచిన చోటే ఉన్నాయి. చుట్టూ ఎన్ని జతలు వచ్చి పోయాయో, వీటిని మాత్రం ముట్టుకున్నవాడు లేడు.

“సూడుమా, దొంగోడు గూడా వద్దన్నాడు!” అని నవ్వాడు వాడు.

శకుంతలమ్మకు నవ్వు రాలేదు. చెప్పులు పోలేదంటే శనీ పోలేదనే కదా.

“ఆ పెద్ద బొమ్మలో ఒక మనిషిని గూడా వెయ్యి నాయనా.”

“ఎవర్నిమా?”

“ఎవణ్ణో. చెప్పుల పక్కనే కూర్చోబెట్టు.” రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. “వాడి కాళ్ళు నీళ్ళకు అందగూడదు.”