సడక్ బొడ్రాయి

అరవై రెండో రాయి ముందు గొంతుక్కూర్చుని గుర్వయ్య నిరుటి సున్నం పెచ్చులను రేకుముక్కతో గీకుతున్నాడు. పొద్దు బారెడెక్కిందో లేదో, అప్పుడే వీపు చురచురలాడుతోంది. పక్కన బొక్కెనలో నానేసిన సున్నం, అందులో కొస చితక్కొట్టిన ఈతమట్ట. సున్నంలో నానీ నానీ అతని వేళ్ళ కొసలు చీలిపోయాయి. బీడీ పట్టుకుంటే మండుతాయి. అయినా బీడీ మానలేదు, సున్నమూ మానలేదు.

పట్నం నుంచి బెజవాడకు పోయే రోడ్డులో, నకిరేకల్ ఇంకా రాకముందు, నాలుగు మైళ్ళ ముక్క అతనిది. గుంత పడితే కంకర కూరాలి. వాన అంచు కోసుకుపోతే మొరం పొయ్యాలి. ఏటా ఎండకాలం, పెద్ద ఇంజనీరు జీపు రాకముందే, మైలురాళ్ళకు సున్నం వెయ్యాలి. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. ఇన్నేళ్ళలో అతన్ని మెచ్చుకున్నవాళ్ళు లేరు, తిట్టినవాళ్ళూ పెద్దగా లేరు. రోడ్డు బాగున్నన్నాళ్ళు కూలీ ఎవరికి గుర్తొస్తాడు? ఇప్పుడు మైళ్ళు పోయి కిలోమీటర్లు వస్తున్నాయట, తొందర్లోనే ఈ రాళ్ళు పీకేస్తారట. అయినా సున్నం వెయ్యమన్నారు, వేస్తున్నాడు.

సాయంత్రం బస్సుకు గోపమ్మ వస్తుంది. మూడు రోజుల కింద పట్నం పోయిన పెళ్ళాం తిరిగొస్తోందంటే ఏ మొగుడైనా సంబరపడతాడు. గుర్వయ్య మాత్రం పొద్దుటి నుంచి బస్సు వేళను తలచుకుని జంకుతున్నాడు. ఈపాటికి ఆమె ఆ రాయిని చూసే ఉంటుంది.

ఆ రాయి సంగతి చెప్పాలంటే, వీళ్ళకు ఊరు లేకుండా పోయిన సంగతి ముందు చెప్పాలి.

గుర్వయ్యది కోస్గి దిక్కు. అరవై గొర్రెల మంద ఉండేది. ఒక వానకాలం రోగం తగిలి పదిహేను రోజుల్లో మంద ఊడ్చుకుపోయింది. గొర్రెలు లేని గొల్లవాడికి ఊళ్ళో పనేముంది? భుజాన గొంగడి, నెత్తిన కుండలు పెట్టుకుని మొగుడూ పెళ్ళాం పని వెతుక్కుంటూ ఇంత దూరం నడిచొచ్చి రోడ్డు గ్యాంగులో చేరారు. రోడ్డు పక్కనే గుడిసె వేసుకున్నారు. ఇద్దరు పిల్లలు ఆ గుడిసెలోనే పుట్టి, నడక రాకముందే ఆ రోడ్డు పక్కనే మట్టిలో కలిశారు. దగ్గరి ఊళ్ళో ఉప్పు కొనుక్కున్నారు, బావిలో నీళ్ళు తోడుకున్నారు, పెళ్ళిళ్ళకు పోయి వంట పాత్రలు తోమారు. ఇక ఇదే మన ఊరు అనుకున్నారు.

కాదని తేలింది బొడ్రాయి పండుగనాడు. ఊరి నడిబొడ్డున ఊరంతా దేవతలా మొక్కే పాత బొడ్రాయి కుంగిపోతే కొత్తది నిలబెట్టారు. బొడ్రాయి నిలిపేనాడు ఊరు కట్టేస్తారు. ఊరివాడు పొలిమేర దాటరాదు, పరాయివాడు లోపల ఉండరాదు. అందరు ఆడవాళ్ళలాగే గోపమ్మా కొత్త రవిక తొడుక్కుని, రాయి మీద పొయ్యడానికి కడవలో పసుపునీళ్ళు కలుపుకుని బయల్దేరింది. ఊరి కావలివాడు ఎదురొచ్చి, మీరు పొలిమేర అవతల ఉండాలి అన్నాడు. మర్యాదగానే అన్నాడు, పాపం. ఆ కడవ ఒళ్ళో పెట్టుకుని ఆమె పొద్దంతా కానుగచెట్టు కింద కూర్చుంది. ఎక్కడెక్కడో ఇచ్చిన ఆడబిడ్డలు ముందురోజే వచ్చేశారు గనక ఊళ్ళోంచి డప్పుల చప్పుడు, నవ్వులు అక్కడిదాకా వినబడుతున్నాయి. ఏడుస్తుందేమో అనుకున్నాడు గుర్వయ్య. ఏడవలేదు. పొద్దుగూకే వేళకు అడిగింది:

"గీ సడక్‌కు గూడ బొడ్రాయి ఉంటది గదా?"

అతనికేం తెలుసు? గ్యాంగు మేస్త్రి ఐలేశం ఒకసారి మాటల్లో, పట్నం దిక్కు పోతుంటే రాళ్ళ మీద అంకెలు తగ్గుతాయని, చివరికి సున్నా రాయి వస్తుందని, లెక్కంతా దాన్నుంచే మొదలని చెప్పాడు. గుర్వయ్య అదే చెప్పాడు.

"అయితె గదే" అంది గోపమ్మ. "రాయి నిలబెట్టినంకనే గదా ఊరైనా, సడకైనా. మనం సడక్ మీద బతికెటోళ్ళం. మన బొడ్రాయి గక్కడున్నది."

ఇంజనీర్లు వింటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుదురు. గుర్వయ్యకు నవ్వు రాలేదు. ఆ మాట అతనికి ఎంత నచ్చిందంటే, కడవలో నీళ్ళు మైలురాయి మీద పోయించి ఇద్దరూ గుడిసెకు వచ్చారు.

మరుసటేడు తారు పీపాలు తేవడానికి మేస్త్రి అతన్ని లారీ మీద పట్నం పంపాడు. "మన పేర్లు చెప్పు. పిల్లల పేర్లు గూడ చెప్పు" అని గోపమ్మ పదిసార్లు చెప్పి పంపింది. దారి పొడవునా లారీ మీద నిలబడి ప్రతి రాయినీ చూసుకుంటూ పోయాడు. అక్షరం రాకపోయినా అంకెలు అతనికి చుట్టాలంత ఎరుక. ఒకటో రాయి దగ్గర తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

సున్నా రాయి ఒక సైకిల్ షాపు పక్కన, మురుగు మోరీ అంచున ఉంది. మోకాలెత్తు కూడా లేదు. దానికి సున్నం వేసి ఎన్నేళ్ళయిందో. పాన్ ఉమ్ములు కారి ఎర్రగా ఎండిపోయాయి. షాపువాడు నూనెగుడ్డ దాని మీదే ఆరేసుకున్నాడు. వేరే రాయి ఉందేమోనని గుర్వయ్య వీధి చివరిదాకా పోయి చూశాడు. తిరిగొచ్చి షాపువాడిని అడిగితే, "అదే. ఏం కావాలె నీకు?" అన్నాడు. గుర్వయ్య ఎవరి పేరూ చెప్పలేదు. ఆ గుడ్డనైనా పక్కకు తీయలేదు. అంత ఆశతో పోయి అంత తొందరగా వెనక్కి తిరిగిన మనిషి ఇంకొకడు ఉండడు.

గోపమ్మ గుడిసె ముందు నిలబడి ఉంది. ఆ మొహం చూశాక అబద్ధం దానంతటదే వచ్చింది. నడుమెత్తు రాయి అన్నాడు. నిండా పసుపు, బొట్లు, వేపమండలు అన్నాడు. పోయే బండ్లు, వచ్చే బండ్లు ఆగి మొక్కి పోతాయన్నాడు. "పేర్లు చెప్పినవా?" అంటే, "చెప్పిన" అన్నాడు.

ఒక్కసారి చెప్పి ఊరుకుంటే పోయేది. తొమ్మిదేళ్ళలో ఆమె వందసార్లు చెప్పించుకుంది. ఊరికే వినేది కాదు, మధ్యమధ్య ప్రశ్నలు వేసేది. అతను ప్రతిసారీ కొంత కలిపేవాడు. ఒక ఏడు గంట కట్టాడు. ఒక ఏడు దీపం పెట్టాడు. ఆ దీపంలో నూనె పోసే ముసలమ్మను కూడా పుట్టించి, ఆమెకో చేతికర్ర ఇచ్చాడు. చెప్పి చెప్పి కొన్నాళ్ళకు అతనికే ఆ ముసలమ్మ మీద ప్రేమ కలిగింది.

ఈ ఏడు గోపమ్మకు ఆయాసం పట్టుకుంది. పది అడుగులు వేస్తే కూలబడిపోతోంది. పట్నంలో ఇటుకలు మోసి బతికే ఆమె చెల్లెలు పుల్లమ్మ చూడడానికి వచ్చి, పెద్ద దవాఖానలో చూపిస్తానని బయల్దేరదీసింది. గోపమ్మ నోట వచ్చిన మొదటి మాట, "అయితె సడక్ బొడ్రాయిని గూడ చూస్త." తర్వాత మొగుడి వైపు తిరిగి, "నువ్వు గూడ రారాదు. నీకైతె జాగా ఎరుక" అంది.

"ఇంజనీర్ సాబ్ వస్తుండు. మేస్త్రి ఛుట్టీ ఇయ్యడు" అన్నాడు గుర్వయ్య.

మేస్త్రిని అతను అడగనే లేదు.

మధ్యాహ్నం అరవై మూడో రాయికి రెండో పూత వేస్తుంటే ఐలేశం మేస్త్రి సైకిల్ దిగాడు. లావుపాటి మనిషి, కోపమూ జాలీ రెండూ త్వరగా వస్తాయి.

"నీ పెండ్లాం ఇయ్యాలనే గదా వచ్చేది?"

"ఇయ్యాలనే, మేస్త్రీ."

"నువ్వెందుకు పోలేదు మల్ల? పానం బాగలేని మనిషిని చెల్లె మీదేసి పంపిస్తవా? నాకొక్క మాట చెప్తె అయిపోవు. నువ్వు లేకుంటె గీ రాళ్ళు పారిపోతయా?"

గుర్వయ్య ఈతమట్టను సున్నంలో ముంచి చాలాసేపు తిప్పాడు. "మేస్త్రీ, పట్నంల సున్నా రాయి చూసినవా?"

"చూసిన. దాంట్ల చూసెటందుకు ఏమున్నది?"

"ఏం లేదు" అన్నాడు గుర్వయ్య.

మేస్త్రి పోయాక కానుగ నీడన కూర్చుని, పొద్దున వండుకున్న జొన్నగటక ఉల్లిగడ్డ నంజుకుని తిన్నాడు. మూడు రోజులుగా గటక గడ్డలు కడుతూనే ఉంది. గోపమ్మ ఉంటే నవ్వేది. నవ్వే మనిషి లేని గుడిసెలో మూడు రోజులు ఉండేసరికి అతనికి ఒకటి బాగా అర్థమైంది. ఊరు లేకపోతే ఏం, ఆమె ఉన్న జాగానే తన ఊరు. ఆ ఒక్క మనిషితో ఇన్నేళ్ళు అబద్ధం చెప్పి, అది బయటపడే రోజున ఆమె పక్కన నిలబడకుండా తప్పించుకున్నాడు. ఆ మోరీ పక్కన ఆమె ఎలా నిలబడిపోయి ఉంటుందో తలచుకుని గటక సగం వదిలేశాడు.

సాయంత్రం చెప్పెయ్యాలి. ఒక్కో రాయి దగ్గరా ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు. "నేను పోయిన్నాడు గూడ గట్లనే ఉండె, గోపీ. నీ మొఖం చూసి చెప్పలేకపోయిన. పేర్లు గూడ చెప్పలేదు. నన్ను తిట్టు." తిడితే బాగుండు. ఆమె తిట్టకుండా ఊరుకుంటుందేమోననే అతని భయం.

నాలుగింటికే పని ముగించి గుడిసెకు వచ్చాడు. వాకిలి ఊడ్చాడు. కుండలో నీళ్ళు నింపాడు. గొంగడి దులిపి పరిచాడు. పొయ్యి మీద ఆమె కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పెట్టి, రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాడు.

ఇంకా ఎండ ఉండగానే సూర్యాపేట బస్సు వచ్చింది. చెయ్యెత్తితే ఆగింది. ముందు పుల్లమ్మ దిగుతుంది, వెనక గోపమ్మ అనుకున్నాడు. ఎవరూ దిగలేదు. కిటికీలోంచి పుల్లమ్మ మొహం కనబడింది.

"బావా, జర లోపలికి రా. అక్కను దించాలె."

ఎక్కాడు. గోపమ్మ కిటికీ పక్కన, దుమ్ము పడకుండా మొహం మీదికి కొంగు లాక్కుని, చెల్లెలి భుజం మీద తల వాల్చి ఉంది. గుర్వయ్య లేపబోతే పుల్లమ్మ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. "లేపకు. ఎత్తుకో" అంది చిన్నగా.

చెయ్యి తగలగానే అతనికి తెలిసిపోయింది. రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. బరువే లేదు మనిషి.

"ముసలమ్మ మస్తు నిద్రపోతాంది" అని కండక్టర్ నవ్వుతూ దారి ఇచ్చాడు.

"అలిసిపోయింది" అన్నాడు గుర్వయ్య.

బస్సు కనుమరుగయ్యేదాకా పుల్లమ్మ ఏడుపు ఆపుకుంది. తర్వాత రోడ్డు మీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. "చౌటుప్పల్ దాటినంక మాట్లాడలే, బావా. చిట్యాల కాడ చెయ్యి పట్టుకుంటె సల్లగుండె. చెప్తె నడిమిట్ల దించేస్తరని గిట్లనే పట్టుకోని కూసున్న. దవాఖానల గుండె బలంగ లేదన్నరు, గోలీలిచ్చిన్రు. పొద్దున మంచిగనే ఉండె."

గోపమ్మను గొంగడి మీద పడుకోబెట్టాడు. పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నాయి. చన్నీళ్ళు కలిపి వాటితోనే ఆమె కాళ్ళు కడిగాడు. పట్నం దుమ్ము పాదాల పగుళ్ళలో ఇంకా ఉంది. తలెత్తకుండానే అడిగాడు.

"రాయిని చూసిందా?"

"చూసింది. నిన్న తీసుకపోయిన." పుల్లమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాకైతె కోపమొచ్చింది, బావా. గిదేంది, బావ గట్ల చెప్పిండు, గిది చూస్తె గిట్లున్నది అన్న. అక్క నన్ను కసురుకున్నది. మీ బావ వచ్చిన్నాడు ఆయన చెప్పినట్లనే ఉండె, తొమ్మిదేండ్లాయె, గా ముసలమ్మ సచ్చిపోయినట్టున్నది, చూసెటోళ్ళు లేక గిట్లయింది అన్నది."

గుర్వయ్య చెంబు కింద పెట్టాడు.

"సైకిల్ షాపాయన తోని బకెట్ నీళ్ళు అడిగి తీసుకున్నది. ఆయాసపడుకుంటనే రాయిని రుద్ది రుద్ది కడిగింది. నన్ను ముట్టనియ్యలే. నాతోని పసుపు, కుంకుమ తెప్పించి రాయి నిండ పెట్టింది. కొబ్బరికాయ కొట్టి పేర్లు చెప్పింది. నీ పేరు, పిల్లల పేర్లు, ఐలేశం మేస్త్రి పేరు గూడ చెప్పింది. పోయెటోళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి దండం పెట్టిన్రు. గప్పుడు నా దిక్కు చూసి, చూసినవా, బండ్లోళ్ళు ఆగి మొక్కుతరని మీ బావ అబద్ధం చెప్పిండా అన్నది."

నిజంగా నమ్మి అందా? తెలిసే అందా? తెలిసే అని ఉంటే, ఎప్పటి నుంచి తెలుసు? అడగడానికి మనిషి లేదు. పొద్దంతా కూడబెట్టుకున్న మాటలు చెప్పుకోవడానికీ మనిషి లేదు. గుర్వయ్య ఆమె పాదాల మీద తల పెట్టి, ఇద్దరు పిల్లలను పూడ్చిననాడు కూడా ఏడవనంత ఏడ్చాడు.

నకిరేకల్‌లో మేస్త్రికి కబురు చెప్పి వస్తానని పుల్లమ్మ లేచింది. గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చి, గోపమ్మ కొంగుముడి విప్పి, అందులో ఉన్నది తీసి అతని పక్కన పెట్టింది. "ఒక చిప్ప రాయి కాడ పెట్టింది. గిది నీకని దాసింది. నేనొక ముక్క అడిగితె గూడ ఇయ్యలే."

ఆమె పోయాక గుర్వయ్య దాని వైపు చూశాడు. కొబ్బరిచిప్ప, పీచు మీద పసుపు వేళ్ళ గుర్తులు, లోపల ఎవరూ కొరకని తెల్లటి కొబ్బరి.