రాళ్ళు దించిన ముసలివాళ్ళు

గాలికి రేకులు లేస్తాయని మా బస్తీలో కప్పుల మీద బండరాళ్ళు పెడతారు. పటాన్‌చెరు నుంచి కాజీపల్లి దాకా ఏ కార్మికుడి ఇల్లు చూసినా నెత్తిన రాళ్ళే. రేకులకు కొక్కేలు బిగించి ఇవ్వమని యూనియన్ లీడర్‌గా కంపెనీకి నాలుగుసార్లు అర్జీ పెట్టాను. గేటు దగ్గర గొంతు చించుకున్నాను. ఒక్క కొక్కెం రాలేదు. పగటి షిఫ్టుకు మేం పోతే ఇళ్ళల్లో మిగిలేది ముసలివాళ్ళు. మా అమ్మ నర్సింహమ్మ వాళ్ళలో ఒకతె. కళ్ళకు పొర.

1970 ఏప్రిల్‌లో ఒకరోజు లక్ష్మీనరసమ్మ మా వాకిట్లో నిలబడింది. నాతో పనిచేసే వీర్రాజు తల్లి. నిరుడు తుఫానుకు కోస్తాలో ఇల్లు కూలిపోతే కొడుకు దగ్గరికి వచ్చింది.

"ఆ రాళ్ళు దించు నాయనా. గాలికి రేకు లేస్తే రాయి లోపలికి పడుద్ది. మీ అమ్మ మీదే."

"గీడ సముద్రమేడున్నది పెద్దమ్మా? నీ తుఫాను ముచ్చట గీడ నడువది."

కోస్తావాళ్ళు వెనక్కి పోవాలని నిరుడు తెలంగాణ ఉద్యమంలో బజార్లో అరిచినవాడిని. ఆ పొగరు ఇంకా దిగలేదు. ఆమె నాతో వాదించలేదు. లోపలికి పోయి అమ్మనే అడిగింది.

"వదినా, పైనున్న రాయి ఎత్తగలవా?"

"యాడ ఎత్తుత? నాతోని గాదు."

"మీద పడితే ఎవరు తీస్తారు మరి? మీవాడు డ్యూటీలో ఉంటాడు గదా."

అమ్మ నా వైపు తిరిగింది. "దించురా. జల్దీ దించు."

"వచ్చే వారం మల్ల అర్జీ పెడుతున్న గదనే..."

"నీ అర్జీ అచ్చెదాంక గాలి ఆగుతదారా?"

రాళ్ళు దించడం వరకే మా పని. మిగతాదంతా మా వరుసలోని పదకొండుమంది ముసలివాళ్ళే చేశారు. రేకుల మీదుగా మోకులు వేసి, కొసలకు అవే రాళ్ళు కట్టి, గుంటల్లో పాతిపెట్టారు. కాలు కుంటి సంగప్ప కూర్చునే గడ్డపారతో తవ్వాడు. గాలి లేస్తే ఇళ్ళ నుంచి ఇటుక గోడల రేషన్ దుకాణం దాకా పట్టుకుని నడవడానికి తాడు కట్టారు. ఒక్కరూ ఒంటరిగా రాకూడదని, తను పోను మిగతా పదిమందినీ జంటలు చేసింది లక్ష్మీనరసమ్మ. అమ్మకు పక్కింటి సోమమ్మ జంట. నల్లా దగ్గర కొట్లాడి ఆ ఇద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు.

"దాని చెయ్యి నేను పట్ట," అంది అమ్మ.

"పట్టుమని నేనేమన్న బతిమాలుతున్ననా?" అంది సోమమ్మ.

"చేతులొద్దు, కొంగులు ముడేసుకోండి," అంది లక్ష్మీనరసమ్మ. "తిట్టుకుంటూనే రండి. మీ నోరు వినపడితే చాలు నాకు."

రోజూ సాయంత్రం ఆ తాడు వెంట నడిపించింది. చూస్తూ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం, షిఫ్టు నడుమ, ఆకాశం నల్లబడి దుమ్ము లేచింది. మెషీను ఆపి గేటు దూకాను. సూపర్‌వైజర్ అరిచాడు. అరవనీ. బస్తీలో రాళ్ళు దించని అవతలి వరుస రేకులు రోడ్డు మీద దొర్లుతున్నాయి. ఆ వరుసలోని రామన్న ఇంట్లో ఖాళీ మంచం మీద బండ పడి మంచం విరిగింది. మా ఇంట్లోకి ఉరికాను. కప్పు ఉంది. అమ్మ లేదు.

దుమ్ములో ఏమీ కనపడలేదు. తాడు పట్టుకుని పరుగెత్తాను. రేషన్ దుకాణంలోంచి తిట్లు వినపడ్డాయి.

"కాలు తొక్కినవే ముసల్దానా!"

"కండ్లు లేకున్నా నోరు మాత్రం సక్కగున్నది నీకు!"

లోపల పదకొండుమందీ ఉన్నారు. ఒక్కరికి ఒక్క గీత పడలేదు. నేను అమ్మను పట్టుకోబోతే లక్ష్మీనరసమ్మ గదిమింది.

"కూర్చో నాయనా. గాలి ఆగినట్టే ఆగి మళ్ళీ తిరుగుద్ది."

కూర్చున్నాను. నిజంగానే తిరిగింది, వానను వెంటేసుకుని.

వాన వెలిశాక రామన్న వచ్చాడు. "అన్నా, నువ్వే గద లీడర్‌వి. మా వరుసకు గూడ గిట్ల కట్టిస్తవా?"

నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది.

"వాన్నేమడుగుతవు? వానికి రాయి కట్టుడు రాదు. పొద్దుగాల మీ రాళ్ళు దించి పెట్టుండ్రి. మేమొస్తం."

"మేమంటే ఎవలే? నన్నడిగినవా?" అంది సోమమ్మ.

"నోర్మూసుకొని నడువ్."

చాలా ఊరేగింపులు నడిపినవాడిని. మర్నాడు గడ్డపారలూ మోకులూ మోసుకుని ఆ పదకొండుమంది అవతలి వరుసకు పోయారు. అంత గొప్ప ఊరేగింపు నేను నడపలేదు. దాని వెనక నడిచాను.