మంచు అంచు

మేకలకు నీళ్లు పెట్టి, దొడ్డి ఊడ్చి, లాప్‌టాప్ ముందు కూర్చునేసరికి పదకొండయింది. ఉపగ్రహాలు తీసిన ఉత్తర ధ్రువ సముద్రం ఫొటోల్లో మంచు ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో గీత గీయడం నా ఉద్యోగం. రాచర్లలో మా వంటగది పక్కన కూర్చుని నాలుగేళ్లుగా గీస్తున్నాను. ఏడాదిలో మంచు అన్నిటికంటే తగ్గేది సెప్టెంబరులో; నలభై ఏళ్ల సెప్టెంబరు ఫొటోలు వరసగా పెడితే ఆ గీత ధ్రువం వైపు జరిగిపోతూ ఉంటుంది. దళసరి పాత మంచు పోయి, పలచటి కొత్త మంచు మిగిలింది. అవి చూశాక అన్నం వారుస్తున్నా మనసు కుదురుగా ఉండదు.

"ఐసు బొమ్మలకు గీతలు గీసేదానికి డిగ్రీ ఎందుకో," అని మా ఆయన నాగేంద్ర నలుగురిలో నవ్వుతాడు. "మనకే తాగను నీళ్లు లేవు, నీకు యాడదో మంచు దిగులేంది," అంటుంది అత్త.

మంచు మీద నిలిచిన కరుగు నీటిని కంప్యూటరు సముద్రంగా లెక్కవేస్తోందని మొన్న వేసవిలో నేనే పట్టుకున్నాను. ఆ సంగతి రాసి బెంగళూరు ఆఫీసుకు పంపాను. తర్వాత ఏ కబురూ రాలేదు.

ఆ రోజు మా టీమ్ లీడర్ సునీత బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. "మీరు పట్టుకున్న కరుగు నీటి తప్పు చూసి, గోవాలో ధ్రువ పరిశోధన కేంద్రం వాళ్లు ఆరు నెలల ట్రైనింగ్‌కి మిమ్మల్నే అడిగారు, రాధాకుమారి గారూ. రానని ఎందుకు రాశారు? సాయంత్రం ఇంకొకరి పేరు పంపేస్తున్నారు."

నేనేమీ రాయలేదు. "పది నిమిషాల్లో చేస్తాను," అని పెట్టేసి మెయిల్ వెతికాను. నేనెప్పుడూ చూడని పిలుపు, దాని కింద పది రోజుల కిందటి జవాబు, నా పేరుతో: 'ఇంటి బాధ్యతల వల్ల రాలేను.'

నా పాస్‌వర్డు తెలిసింది నాగేంద్ర ఒక్కడికే. అతను భోజనం చేస్తున్నాడు.

"ఇది నువ్వు రాసినావా?"

"రాసినా. నువ్వెట్లాగూ పోయేదానివి కాదు గదా."

అతని గొంతులో కోపం లేదు. నన్ను నిలవనీయనిది అదే. బీఈడీకి సీటొచ్చినప్పుడూ, నేను రెండో బిడ్డ వద్దనుకున్నప్పుడూ, నన్ను అడిగిన ప్రతిసారీ నాకంటే ముందు అతనే జవాబు చెప్పాడు. నేను పక్కన నిలబడి నవ్వాను.

అతని ఎదురుగానే, స్పీకరు పెట్టి సునీతకు ఫోన్ చేశాను. రానని నేను రాయలేదని చెప్పాను.

"మరి ఆ మెయిల్ ఎవరు రాశారండీ?" అంది.

నాగేంద్ర ముద్ద ఆపి, "పొరపాటున పోయిందని చెప్పు," అన్నాడు మెల్లగా.

"మా ఆయన రాసినాడు, నన్నడగకుండా," అన్నాను. "నేను వస్తున్నా."