ఇంటిదారి పట్టిన ప్లైవుడ్ ఎద్దు

నా మనవరాలు స్వరూప యూనివర్సిటీలో చదువుతూ నాటకాలకు సెట్లు కడుతుంది. ఆ రోజు తార్నాక నుంచి దానికి అన్నం పట్టుకొని పోతే, డబ్బా మూత కూడా తీయకుండా నన్ను ప్లైవుడ్ షీటు మీద కూర్చోబెట్టింది.

"క్లాంపులు ఇస్తానన్నోడు ఫోన్ ఎత్తుతలేడు తాతా. షీటు కదలకుండ నువ్వే పట్టాలె."

సాయంత్రమే నాటకం. ఓ రైతు తన రెండెద్దులనూ అమ్మడానికి సంతకు తోలుకుపోతాడు. ఒక ఎద్దు పాత నాటకంలోది ఉంది. రెండోది స్వరూప మొన్న జిగ్‌సా మిషన్‌తో కోస్తే పైనంతా పెచ్చులు లేచి, కొమ్ము విరిగింది. ఇక మిగిలింది నా కిందున్న షీటే. "ఇది గూడ చెడితే సీన్ తీసేస్తనే" అని నాటకం ఆడించే కౌముది చెప్పేసింది.

"ఈ బ్లేడు పళ్ళు పైకి కొరుకుతయ్, పెచ్చులు పై దిక్కే లేస్తయ్ తాతా. అందుకే మంచి మొఖం కిందికి పెట్టి, వెనక గీత గీసిన."

పాత ఎద్దును షీటు వెనక మొఖం మీద పరిచి, దాని చుట్టూ గీసిందట. మిషన్ మొదలైంది. నెట్టకుండా, అది పోయినట్టే పోనిస్తోంది.

నేనూరుకుంటానా? "మా ఊరి వడ్లంగి సత్తయ్య రంపం ఎంత పదునంటే, పొద్దున చెట్టు కోస్తే మాపటిదాక చెట్టుకే తెల్వలే. పిట్టలు గుడ్లు గూడ పెట్టినయ్!"

నేను చేతులూపితే షీటు ఊగింది. తోక దగ్గర కోత వంకర పోయింది.

"తాతా! ఎద్దు అయిపోయేదాక నోరు తెరువనని ఒట్టెయ్!"

వేశాను. వేశాక పాత ఎద్దు వైపు చూస్తే అప్పుడు తట్టింది. ఈ షీటును తిరగేస్తే తల ఎటు పోతుంది? వేళ్ళతో కొమ్ములు పెట్టాను, మెడ అటూ ఇటూ తిప్పాను.

"చేతులతోని గూడ కథలేనా?" అంది. మిషన్ ఆపలేదు.

కోసి తిరగేస్తే అంచులు వెన్నలా ఉన్నాయి. కౌముది కూడా వచ్చింది, ఇద్దరూ కలిసి దాన్ని పాతదాని పక్కన నిలబెట్టారు. ఒకదాని తల తార్నాక వైపు, ఇంకొకదానిది దానికి ఎదురుగా అడిక్‌మెట్ వైపు!

తలలు ఒకే వైపుకు రావాలని మళ్ళీ తిరగేస్తే, ఆ మొఖమంతా పెచ్చులే.

"ముందే చెప్పొద్దా తాతా?" స్వరూప కళ్ళలో నీళ్ళు.

"ఒట్టు పెట్టించిందెవరు బిడ్డా?"

"సీన్ కట్" అంది కౌముది.

స్వరూప ఎద్దు మెడ మీద చెయ్యి వేసింది. "ఆగు కౌముదీ. ఇది సంతకు రానంటది. ఇంటికే పోతనంటది. గట్లనే ఉంచుదాం."

కౌముది ఎద్దును చూసింది, నన్ను చూసింది, పకపకా నవ్వింది.

సాయంత్రం స్టేజీ మీద రైతు ఎంత పగ్గం లాగినా ఎద్దు మొహం తిప్పలేదు. చివరికి పగ్గం వదిలేసి దాని మెడ పట్టుకున్నాడు. పిల్లలు చప్పట్లతో హాలు లేపేశారు.

మర్నాడు తార్నాక చాయ్ బండి దగ్గర నేను చెబుతున్నాను: "అందరు చూస్తుండంగ, చెక్క ఎద్దు తనంతట తనే ఇంటి దిక్కు తిరిగింది!"

పక్కనే స్వరూప. ఇప్పుడు నా నోరు మూయిస్తుందేమో అనుకున్నాను.

"తోక గూడ ఊపింది" అంది, చాయ్ ఊదుకుంటూ.