నలభై ఏడో సంచి

ఫలితం చెప్పడానికి డాక్టరమ్మ వస్తుందని జంఫీరా పొద్దుటి నుంచీ అంబులెన్సు గదిలోనే కూర్చుంది. నర్సుగా చేరి పదేళ్లయినా ఇంత భయం ఆమె ఎప్పుడూ ఎరగదు.

ఏడాదిన్నరగా ఆ కొండల్లో రక్తం పోయి షాకులోకి వెళ్లినవాళ్లకు రెండు రకాల ద్రవాల్లో ఏదో ఒకటి ఎక్కిస్తున్నారు. ఒకటి మామూలు సెలైను, రెండోది జిలటిన్ కలిపింది. ఏది ఎక్కువ ప్రాణాలు నిలుపుతుందో తేల్చాలని పరీక్ష. సంచులన్నిటికీ ఒకే నల్ల తొడుగు, దాని మీద అంకె. వరసలో ముందున్నదే తియ్యాలి. లోపలేముందో ఎవరికీ తెలియకూడదు.

తెలియకూడదంటే ఊరుకుంటారా! తొడుగు అంచు ఎత్తి ఊపితే జిలటిన్ నురగ కడుతుందని నెల తిరక్కుండానే నర్సులు కనిపెట్టేశారు. నురగ సంచే మంచిదని తీర్మానం కూడా చేసేశారు. జంఫీరా మాత్రం వరస తప్పలేదు, ఇలారియె మీద దుంగ పడ్డ రోజు తప్ప.

ఇలారియె ఆమెను చేసుకోబోయేవాడు. అడవిలో చెట్లు కొట్టే పని. తొడ దగ్గర కాలు నుజ్జయింది. బండిలో వరసలో ముందున్నది నలభై ఆరో సంచి. ఊపితే నురగ రాలేదు. దాన్ని పక్కన పెట్టి, నురగ కట్టిన నలభై ఏడు తీసి ఎక్కించింది.

"ఏడవకే పిచ్చిదానా. కుంటుకుంటూ అయినా పెళ్లికొస్తాగా" అన్నాడు. ఆసుపత్రి ఇంకా గంట దూరం ఉండగానే పోయాడు.

పెళ్లికాకుండా పోయినవాణ్ణి ఆ ఊళ్లో పెళ్లికొడుకును చేసే సాగనంపుతారు. జంఫీరా పెళ్లికూతురి తెల్లగౌను వేసుకుని శవపెట్టె వెంట నడిచింది. ఆ నలభై ఆరే పెట్టి ఉంటే అన్న మాట అప్పటినుంచీ ఆమెను తినేస్తోంది.

డాక్టర్ స్మరాండా లోపలికి రాగానే డ్రైవరు గవ్రిల్ లేచాడు.

"నురగదేగా నెగ్గింది డాక్టరమ్మా? సీసా సారా పందెం కాశాను."

"ఆ సారా నువ్వే తాగు. రెంటికీ తేడా లేదు. అయినా నురగ సంగతి నీకెవడు చెప్పాడయ్యా?"

గవ్రిల్ నాలిక కరుచుకున్నాడు. జంఫీరా ఇక దాచలేకపోయింది. నలభై ఆరు సంగతంతా చెప్పేసింది.

డాక్టరమ్మకు కోపం వచ్చింది, కానీ తిట్టలేకపోయింది. దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఏది పెట్టినా దక్కేవాడు కాదే తల్లీ. అంత రక్తం పోయినవాడికి రక్తమే కావాలి. అది మన బండిలో లేదు."

"విన్నావుగా చెల్లెమ్మా, నీ తప్పేం లేదు. ఇక ఆ బరువు దించుకో" అన్నాడు గవ్రిల్.

జంఫీరా తలూపింది గానీ మనసు తేలిక పడలేదు. ఇన్నాళ్లూ ఒంటరిగా ఉన్నప్పుడల్లా ఆమె మనసులో నలభై ఆరో సంచి తగిలిస్తూనే ఉంది. దాంతో బండి ఆసుపత్రి చేరేది. ఇలారియె కర్ర ఊతంగా పట్టుకుని, నవ్వుతూ చర్చి మెట్లెక్కేవాడు.

"నా తప్పయినా బాగుండేది డాక్టరమ్మా" అంది. "ఆ నలభై ఆరో సంచిలోనైనా బతికుండేవాడు."